వాకిలి ఎక్కడిదాకా?

కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊరినుంచి ఆరు నెలలుండి వెళ్దామని కాలిఫోర్నియా వచ్చారు. వచ్చిన రెండో రోజు సాయంత్రం అలవాటు ప్రకారం మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, వీధి చివరిదాకా నడిచి వచ్చారు. సోఫాలో కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

“ఒరేయ్, ఈ వీధిలో జనం ఉన్నారా అసలు?”

“ఉన్నారు నాన్నా. నలభై ఇళ్ళున్నాయి కదా.”

“ఇళ్ళున్నాయి. వాకిళ్ళు లేవురా. ఎవరింటి ముందు చూసినా కారు తలుపే.”

గరాజ్ తలుపుకి ఆయన పెట్టిన పేరు అది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

మూడో వారంలో ఆయన వీధి మలుపు దగ్గర రోడ్డు దాటుతుంటే ఒక కారు వేగం తగ్గించకుండా తిరిగింది. నాన్నగారు వెనక్కి అడుగు వేయబోయి పడ్డారు. అరచేయి చెక్కుకుపోయింది, మోకాలు వాచింది. కారు ఆగలేదు. ఇంటికి తీసుకొచ్చి మందు రాస్తూ నేనన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. “చూసుకుని నడవాలి కదా నాన్నా, ఇది మన ఊరు కాదు.”

ఆయన ఏమీ అనలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఇళ్ళ మధ్య వీధిలో, నడిచే వేగంతో నడుస్తున్నాడు. మలుపులో వేగం తగ్గించనిది ఇంకొకరు. తప్పు మాత్రం నడిచేవాడిదే అన్నట్టు నా నోటికి ఆ మాట ఎలా వచ్చింది? ఎవరు నేర్పారు?

ఆ ప్రశ్న పట్టుకుని నేను చదువుకున్న కథ ఇది. కథ మధ్యలో హాలెండు వెళ్ళి, చివరికి మళ్ళీ మా వీధికే వస్తుంది.

పల్లెటూరి బైతు నేరం

వందేళ్ళ క్రితం అమెరికా పట్టణాల్లో వీధి అందరిదీ. పిల్లలు అందులోనే ఆడుకునేవారు, తోపుడు బళ్ళవాళ్ళు అందులోనే అమ్ముకునేవారు, ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ దాటేవారు. కారు వచ్చాక చావులు మొదలయ్యాయి. 1920ల దశాబ్దంలో ఈ దేశంలో మోటారు ప్రమాదాల్లో పోయినవాళ్ళు రెండు లక్షల పైమాటే. పట్టణాల్లో పోయినవాళ్ళలో ఎక్కువమంది నడిచేవాళ్ళు, వాళ్ళలో పిల్లలు చాలామంది. 1922లో బాల్టిమోర్ నగరంలో అంతకుముందు ఏడాది ప్రమాదాల్లో పోయిన 130 మంది పిల్లల పేరిట ఒక స్మారక స్తంభం నిలబెట్టారు, యుద్ధంలో పోయిన సైనికులకు నిలబెట్టినట్టు. అప్పట్లో పత్రికలూ జడ్జీలూ తప్పు కారుదే అనేవారు. వీధిలోకి కొత్తగా వచ్చింది కారు కాబట్టి అది ఒదిగి ఉండాలనేది జనం న్యాయం.

1923లో సిన్సినాటిలో 42,000 మంది ఒక అర్జీ మీద సంతకాలు పెట్టారు. ఊళ్ళోకి వచ్చే ప్రతి కారుకీ గంటకు 25 మైళ్ళు దాటకుండా ఆపే యంత్రం బిగించాలని వాళ్ళు కోరారు. ఎన్నికల్లో వోటుకు పెట్టారు. కార్లు అమ్మేవాళ్ళు, కార్ల సంఘాలవాళ్ళు ఏకమై గట్టిగా ప్రచారం చేశారు. అర్జీ ఓడిపోయింది. దాంతో వాహన వ్యాపారులకి ఒక విషయం బోధపడింది. వేగానికి అడ్డొచ్చేది చట్టం ఒక్కటే కాదు, వీధి ఎవరిదన్న జనాభిప్రాయం కూడా. కాబట్టి ముందు దాన్ని మార్చాలి.

అప్పుడు ప్రచారంలోకి తెచ్చిన మాట ‘జేవాకర్’. ఇవాళ మనం దాన్ని చట్టం మాటగా వింటున్నాం గానీ, ఆ రోజుల్లో అది తిట్టు. ‘జే’ అంటే బస్తీ మర్యాద తెలియని పల్లెటూరి బైతు. రోడ్డు మధ్యలో నడిచేవాడు బైతు, సందు చివరికి వెళ్ళి గీతల మధ్య దాటేవాడు నాగరికుడు. బాయ్ స్కౌట్ పిల్లలచేత దారిన పోయేవాళ్ళకి చీటీలు పంచిపెట్టించారు, బళ్ళలో పాఠాలు చెప్పించారు. 1925లో లాస్ ఏంజిలిస్ చేసిన ట్రాఫిక్ చట్టం, నడిచేవాళ్ళని గీతల మధ్యకి పంపించింది. అదే నమూనాగా మిగతా ఊళ్ళూ చట్టాలు చేసుకున్నాయి. పదేళ్ళు తిరిగేసరికి న్యాయం తలకిందులైంది. ఈ చరిత్రని పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో ఒక పుస్తకంగా వివరంగా రాశాడు.

అది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మా నాన్నగారిని పల్లెటూరివాడిగా నిలబెట్టి నేను చెప్పిన పాఠం, ఆ చీటీల్లో పంచిన పాఠమే.

ఈ మధ్య కాలిఫోర్నియా ఒక అడుగు వెనక్కి వేసింది. 2023 జనవరి 1 నుంచి, ఢీకొనే ప్రమాదం అప్పటికప్పుడు ఉంటే తప్ప, గీతలు లేనిచోట దాటినవాళ్ళని పోలీసులు ఆపి జరిమానా వేయకూడదు. కాని చట్టం మారినంత మాత్రాన వీధి రూపం మారదు. మన వీధులు కట్టిన తీరు అలాగే ఉంది.

సందు చివరి శాంతి

వీధి కట్టే తీరు మార్చి చూద్దామని మొదట అనుకున్నవాళ్ళూ అమెరికావాళ్ళే. 1929లో న్యూజెర్సీలో క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు కలిసి రాడ్‌బర్న్ అనే ఊరికి రూపకల్పన చేశారు. కార్లు ఒకవైపునుంచి వచ్చి సందు చివర ఆగిపోతాయి. ఇళ్ళకి రెండోవైపున పచ్చిక, నడిచే దారులు ఉంటాయి. పిల్లలు రోడ్డు దాటకుండానే బడికి పోవచ్చు. ఆర్థిక మాంద్యం వచ్చిపడడంతో ఊరు సగంలోనే ఆగిపోయింది. కాని ఆ మూసిన సందు ఆలోచన మాత్రం దేశమంతా పాకింది. 1930లలో ఇంటి అప్పులకి హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ కూడా దాన్నే మెచ్చుకుని ప్రోత్సహించింది.

మనలో చాలామంది ఏరికోరి కల్‌డిశాక్‌లో ఇల్లు కొనుక్కోవడానికి మూలం అదే. అక్కడ పిల్లలు ఆడుకోవచ్చు. నిజమే. కాని రాడ్‌బర్న్‌లో ఇళ్ళ వెనక ఉన్న నడకదారులని తర్వాతివాళ్ళు చాలాచోట్ల వదిలేశారు, మూసిన సందు ఒక్కటే ఉంచుకున్నారు. దాంతో ఏ పని మీద బయటికెళ్ళాలన్నా కారు తీయాల్సిందే. ఆ కార్లన్నీ కలిసి మిగిలిన కొద్దిపాటి తెరిచిన వీధుల మీద పడ్డాయి. మా వీధి అలాంటిదే. రెండు పెద్ద రోడ్లని కలిపే అడ్డదారి.

అలాంటి వీధిలో ఉండేవాళ్ళకి ఏమవుతుందో లెక్క తీసినవాడు డొనాల్డ్ యాపిల్‌యార్డ్. ఆయన లండన్‌లో పుట్టి, అమెరికా వచ్చి, బర్క్‌లీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయనా మనలాగే వలస వచ్చినవాడే. 1969 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే తరహా వీధులు మూడు తీసుకున్నాడు. ఒకదానిలో రోజుకి రెండు వేల కార్లు పోతాయి, ఇంకోదానిలో ఎనిమిది వేలు, మూడోదానిలో పదహారు వేలు. ఇంటింటికీ వెళ్ళి, ఈ వీధిలో మీకు స్నేహితులెందరని అడిగాడు. కార్లు తక్కువ ఉన్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు. కార్లు ఎక్కువ ఉన్న వీధిలో స్నేహితుడు ఒక్కడు కూడా నిండలేదు, పరిచయస్తులు ముగ్గురు.

ఆయన అడిగిన మరో ప్రశ్న నన్ను ఇంకా ఆకట్టుకుంది. ఒక పటం ముందు పెట్టి, మీ ఇంటి హద్దు ఎక్కడిదాకానో గీసి చూపించమన్నాడు. కార్లు తక్కువ ఉన్న వీధివాళ్ళు వీధంతా తమదేనన్నట్టు గీశారు. కార్లు ఎక్కువ ఉన్న వీధివాళ్ళు తమ గదుల దగ్గరే గీత ఆపేశారు. మా నాన్నగారు వాకిళ్ళు లేవన్నది అదే కదా! ఆయన పటం చూడలేదు, ప్రొఫెసర్ కాదు. ఒక సాయంత్రం నడిచి కనుక్కున్నారు.

యాపిల్‌యార్డ్ తన పరిశోధనంతా 1981లో పుస్తకంగా వేశాడు. మరుసటి ఏడు, 1982లో, ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు కింద పడి చనిపోయాడు.

డెల్ఫ్ట్‌లో ఇటుకలు

ఇక అసలు కథ. హాలెండులో డెల్ఫ్ట్ అని పాత ఊరు. కాలవలు, ఇరుకు వీధులు, ఆనుకుని కట్టిన ఇళ్ళు. యుద్ధం తర్వాత ఆ దేశంలోనూ చేతిలో డబ్బు ఆడింది, జనం కార్లు కొన్నారు. సైకిళ్ళు తిరిగిన వీధుల్లో కార్లు బారులు తీరాయి. 1971లో అంత చిన్న దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది పోయారు. వాళ్ళలో నాలుగు వందలమందికి పైగా పిల్లలు.

విక్ లాంగెన్‌హోఫ్ అనే విలేఖరి కూతురు అలా పోయింది. 1972లో ఆయన తన పత్రికలో ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు. ప్రమాదం అనలేదు, హత్య అన్నాడు. ఆ శీర్షికే ఒక ఉద్యమం పేరైంది. తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని పార్లమెంటుకి వెళ్ళారు, వీధుల్ని ఆటలకి మూసేశారు. అదే ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని డ పెయ్‌ప్ పేటలో పిల్లలే తమ వీధికి అడ్డుకట్టలు కట్టారు. ఒక కారువాడు దిగి వాటిని లాగేస్తుంటే, పిల్లలు మళ్ళీ తెచ్చి పెట్టడం ఆనాటి టీవీ చిత్రంలో ఇప్పటికీ చూడవచ్చు. 1973 నవంబరులో చమురు కరువు వచ్చి ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదన్నారు. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్ళు తొక్కారు, పిల్లలు చక్రాల బూట్లు కట్టుకుని తిరిగారు.

ఈ కోపం రాజుకుంటున్న కాలంలోనే, అంతకంటే కొంచెం ముందే, డెల్ఫ్ట్ పాత పేటల్లో నిశ్శబ్దంగా ఇంకో పని మొదలైంది. మునిసిపాలిటీలో యోస్ట్ వాల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఇళ్ళ మధ్య వీధిలో కారుకి ఒక బాట, మనిషికి ఒక బాట అని విడదీయడం ఇంగ్లండునుంచి అమెరికా దాకా అప్పటి ఇంజనీర్ల వేదం. వాల్ తన వీధులకి దాన్ని ఒప్పుకోలేదు. ఇరుకు వీధిలో విడదీస్తే మనిషికి మిగిలేది మూరెడు జాగా. అందుకని విడదీయకుండా కలిపేద్దామన్నాడు. వీధిలో ఉండేవాళ్ళతో కలిసి కూర్చుని, 1960ల చివరినుంచి ఒక్కొక్క వీధినీ మార్చుకుంటూ పోయాడు.

వాళ్ళు చేసింది చెబితే చాలా మామూలుగా ఉంటుంది. ముందు కాలిబాట గట్టు తీసేశారు. వీధి ఈ గోడనుంచి ఆ గోడదాకా ఒకే మట్టం, ఇటుక పరిచిన నేల. తిన్నగా పోయే దారిని వంకర చేశారు. ఆ వంకరకి ఒకచోట చెట్టు, ఒకచోట పూలతొట్టి, ఒకచోట బెంచీ సాయం. పార్కింగుని వరసగా కాక, కొంచెం ఈ పక్క, కొంచెం ఆ పక్క పెట్టారు. వీధి మొదట్లో నేల కొద్దిగా ఎత్తు చేశారు, అక్కడ కారు ఒకరి గడప దాటుతున్నట్టు ఎక్కాలి. ఎక్కిన తర్వాత వేగంగా పోదామన్నా కళ్ళముందు తిన్నని దారి కనిపించదు. అడుగడుగునా బోర్డులు అక్కర్లేదు, వీధే నెమ్మదిగా వెళ్ళమంటుంది.

ఇందులో కారుని వెళ్ళగొట్టింది లేదు. కారు వస్తుంది, ఆగుతుంది, సామాన్లు దింపుతుంది. అడ్డదారిగా వాడుకుందామనుకునేవాడికి మాత్రం లాభం లేదు.

దీనికి ‘వోనెర్ఫ్’ అని పేరు. ఆ మాటని ప్రచారంలో పెట్టినవాడు నీక్ డ బూర్ అనే పట్టణ రూపశిల్పి. 1960లలో ఎమ్మెన్ అనే ఊళ్ళో కొత్త పేటలు కడుతూ, కారు నడిపేవాడికి తాను ఎవరి తోటలోనో నడుపుతున్నట్టు అనిపించాలన్నాడు. డచ్చి భాషలో ‘వోన్’ అంటే నివాసం, ‘ఎర్ఫ్’ అంటే రైతు ఇంటి చుట్టూ ఉండే ఖాళీ జాగా, పశువులూ పిల్లలూ బళ్ళూ అన్నీ మసిలే చోటు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘లివింగ్ యార్డ్’ అని తర్జుమా చేసుకున్నారు. నాకైతే దానికి సరైన మాట తెలుగులోనే ఉందనిపిస్తుంది. వాకిలి.

చట్టమైన వాకిలి

మన ఊళ్ళో వాకిలి గుమ్మం దగ్గర ఆగదు. పొద్దున్నే కళ్ళాపి చల్లే చెయ్యి వీధిలోకి చాస్తుంది. ముగ్గు వీధిలోనే పడుతుంది, సంక్రాంతికి మరీ నడివీధిదాకా. మిరపకాయలు అక్కడే ఎండుతాయి, ఎండాకాలం మంచాలు అక్కడే పడతాయి, గోళీలాట అక్కడే. ఎడ్లబండి వస్తే పిల్లలు పక్కకి జరుగుతారు, బండివాడు ముగ్గు తొక్కకుండా చూసుకుంటాడు. ఏ చట్టంలోనూ రాసి లేదు. ఇద్దరికీ తెలుసు, అంతే.

హాలెండు ఆ తెలిసిన దాన్ని 1976లో రాతపూర్వకంగా పెట్టింది. వోనెర్ఫ్‌గా గుర్తించిన వీధిలో నడిచేవాళ్ళు వీధి వెడల్పంతా వాడుకోవచ్చు. ఆడుకోవచ్చు కూడా. అప్పటి నియమం ప్రకారం బండి ఏదైనా మనిషి నడక వేగానికి మించకూడదు. బండివాడు నడిచేవాడికి అడ్డు రాకూడదు, నడిచేవాడు అకారణంగా బండికి అడ్డం నిలబడకూడదు. గుర్తు పెట్టినచోట తప్ప కారు ఆపకూడదు. వీధి మొదట్లో నీలం రంగు బోర్డు ఒకటి ఉంటుంది. దానిమీద ఒక ఇల్లు, ఒక పెద్దమనిషి, బంతితో ఒక పిల్లవాడు, ఒక కారు. మా నాన్నగారు నన్నడిగినదానికి జవాబు ఆ బోర్డు మీద బొమ్మగా ఉంది.

తర్వాత జర్మనీ, డెన్మార్కు లాంటి దేశాలు ఇదే పద్ధతి తెచ్చుకున్నాయి. 1999 నాటికి హాలెండులో ఇలాంటి చోట్లు ఆరు వేలకి పైగా అయ్యాయి. ఇంగ్లండు కొంత ఆలస్యంగా మేలుకుంది. 1996లో లీడ్స్ నగరంలోని మెథ్‌లీస్ పేటవాళ్ళు ఒక వారాంతం తమ రోడ్డు మీద పచ్చిక పరిచి కూర్చున్నారు, వీధి ఎలా ఉండవచ్చో చూపిద్దామని. 1999లో ప్రభుత్వం తొమ్మిది పేటల్ని ప్రయోగానికి ఎంచుకున్నప్పుడు అందులో మెథ్‌లీస్ ఒకటి.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. నేలంతా తవ్వి ఇటుక పరవాలంటే ఖర్చు చాలా ఎక్కువ. పార్కింగు జాగాలు తగ్గుతాయి. అందుకని 1980లలో హాలెండు అంత ఖర్చు పెట్టలేని పేటలకి గంటకు 30 కిలోమీటర్ల హద్దు పెట్టి, వేగం ఆపే గట్టులు వేసి సరిపెట్టుకుంది. అదీ పనిచేసింది. ఏటా నాలుగు వందలు దాటిన పిల్లల చావులు, 2010కి 14కి దిగాయి. వోనెర్ఫ్ ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. సైకిలు దారులు, వేగ పరిమితులు, కార్లలో వచ్చిన మార్పులు అన్నీ కలిసి చేసిన పని అది. కాని వాటన్నిటికీ ముందు మన వీధిలో మన పిల్లలు చావడం మామూలు విషయం కాదని అన్నవాళ్ళున్నారు.

అమెరికాలో లెక్క ఎదురు తిరిగింది. 2009లో కార్ల కింద పడి పోయిన పాదచారులు 4,109 మంది. 2022లో ఏడున్నర వేలు దాటారు. ఒక పరిశోధన 2011లో చెప్పిన లెక్క ప్రకారం, కారు గంటకు 23 మైళ్ళ వేగంతో తగిలితే పదిమందిలో ఒకరు పోతారు. 32 మైళ్ళకి నలుగురిలో ఒకరు. 42 మైళ్ళకి సగంమంది. ఇరవై మైళ్ళ తేడాలో ఎంత ఉందో చూడండి.

ఇరుగుపొరుగు అంటే ఎవరు?

వీధిని మార్చడం అంటే ఇటుకల పనికంటే మనుషుల పని ఎక్కువ. బర్క్‌లీ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1975లో ఆ ఊరు ఇళ్ళ మధ్య వీధుల కూడళ్ళలో అడ్డుగట్టులు పెట్టింది, అడ్డదారి కార్లు లోపలికి రాకుండా. ఊరు రెండుగా చీలింది. వాటిని తీసెయ్యాలని 1976లో ఒకసారి, 1977లో ఒకసారి వోటుకు పెట్టారు. రెండుసార్లూ గట్టులే గెలిచాయి. వ్యవహారం కోర్టుకెక్కింది. వీధిని అలా కొంత మూసే అధికారం ఊరికి లేదని 1982లో రాష్ట్ర సుప్రీం కోర్టు తేల్చింది. అప్పుడు శాసనసభ చట్టాన్నే సవరించింది. ఇవాళ బర్క్‌లీలో తిరిగేవాళ్ళకి ఆ గట్టులు ఇంకా అడ్డం తగులుతూనే ఉంటాయి. నేనూ ఒకప్పుడు వాటిని తిట్టుకున్నవాణ్ణే.

గట్టులు వద్దన్నవాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఒక వీధినుంచి తరిమిన కార్లు ఇంకో వీధిలోకి పోతాయి. ఆ ఇంకో వీధిలో ఉండేది ఎవరు? తరచు అద్దె ఇళ్ళవాళ్ళు, మీటింగులకి రావడానికి తీరిక లేనివాళ్ళు.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, ఓక్‌లాండ్ నగరం 74 మైళ్ళ వీధుల్ని నడిచేవాళ్ళకి తెరుస్తామని ప్రకటించింది. దేశమంతా మెచ్చుకుంది. కాని తూర్పు ఓక్‌లాండ్ పేటలవాళ్ళు మమ్మల్ని ఎవరడిగారన్నారు. పనికి బయటికి వెళ్ళక తప్పనివాళ్ళు వాళ్ళు. మాకు కావలసింది నడిరోడ్డు మీద షికారు కాదు, కిరాణా కొట్టుకీ ఆస్పత్రికీ వెళ్ళేటప్పుడు పెద్ద రోడ్డు క్షేమంగా దాటడం అన్నారు. నగరం ఆ మాట విని, అలాంటి చోట్ల దాటే దారుల్ని బాగుచేయడం మొదలుపెట్టింది.

ఇది చదివాక వాకిలి గురించి నేను చెప్పిన ముచ్చటని నేనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. మా ఊరి వీధి అందరిదీ అన్నట్టు రాశాను. నిజమేనా? నాన్నగారి చిన్నతనంలో మా నడివీధిలో చెప్పులు వేసుకుని నడవకూడని మనుషులుండేవారు. వాళ్ళ ఇళ్ళు ఊరి బయట. వాళ్ళ పిల్లలు మా వాకిట్లో గోళీలాడలేదు. ఈ మాట నాన్నగారే చెప్పారు, అడిగితే చెప్పారు. కారు రాకముందు వీధి స్వర్గం కాదు. అక్కడా కొందరు వీధిని తమదనుకున్నారు, మరికొందరు ఒదిగి నడిచారు. కాబట్టి పాత వాకిలిని తెచ్చుకోవడం కాదు మనం చేయాల్సింది. ఎవరెవరు కూర్చుని ఈ వీధిని గీస్తున్నారన్నది ప్రతిసారీ కొత్తగా అడగాలి.

మా వీధి

నాన్నగారు పడిన నెల రోజులకి ఎదురింటి పెద్దావిడ తలుపు తట్టింది. చేతిలో అట్ట, దానికి గుచ్చిన కాగితాలు. వీధిలో వేగం తగ్గించే గట్టులు వేయమని ఊరిని అడగడానికి అర్జీ. మా ఊరి నియమం ప్రకారం మూడింట రెండు వంతుల ఇళ్ళు సంతకం పెడితేనే పరిశీలిస్తారు. మూడు నెలలుగా తిరుగుతోందట. ఇంకా నాలుగు సంతకాలు తక్కువ.

“ఈ తలుపు ఇంతకుముందు రెండుసార్లు తట్టాను. ఎవరూ తీయలేదు,” అందావిడ. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

నిజమే. తలుపు కన్నంలోంచి చూసి, ఏదో అమ్మడానికి వచ్చిందనుకుని ఊరుకున్నాం. మా వీధిలో మనవాళ్ళ ఇళ్ళు ఐదు. అడిగితే ఐదిళ్ళదీ అదే కథ. వీధిలో ఎవరూ పలకరించరని మేం పండగ భోజనాల దగ్గర చెప్పుకునేవాళ్ళం. ఆవిడ కాగితాల్లో మా ఐదు ఇళ్ళ ఎదుట ఖాళీ గళ్ళున్నాయి.

ఆ సాయంత్రం నాన్నగారు నాతో బయల్దేరారు. ఇంగ్లీషు రాదు, తెలుగు ఇళ్ళకి అవసరమూ లేదు. కట్టు కట్టిన చెయ్యి చూపించి, “చూడమ్మా, ఇది మీ వీధిలో తగిలిన దెబ్బ” అనేవారు. ఎక్కువ మాటలు అక్కర్లేకపోయింది. గంటలో నాలుగిళ్ళు అయిపోయాయి. ఐదోది మాది.

తర్వాతి మీటింగులో అసలు వాదన జరిగింది. అగ్నిమాపక దళంవాళ్ళు గట్టులు వేస్తే ఇంజను ఆలస్యమవుతుందన్నారు. రాత్రి షిఫ్టు చేసే ఒకాయన, నిద్రలో గట్టు చప్పుడు నేను పడలేనన్నాడు. ఆ ఇద్దరి మాటా కొట్టిపారేయాల్సింది కాదు. చివరికి అడ్డంగా ఒకే గట్టు కాకుండా, మధ్యలో సందులు వదిలిన దిమ్మెలు వేయాలని కుదిరింది. కారు చక్రాల మధ్య వెడల్పు తక్కువ కాబట్టి అది ఎక్కి దిగాల్సిందే. ఫైరింజను చక్రాలు వెడల్పు కాబట్టి సందుల్లోంచి పోతుంది. ఒకదాన్ని రాత్రి షిఫ్టాయన కిటికీ దగ్గర్నుంచి రెండిళ్ళు అవతలికి జరిపారు. నాన్నగారు పడిన మలుపు దగ్గర గట్టు ముందుకి పొడిగించి, తిరిగే దారి ఇరుకు చేశారు. పని అయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. నాన్నగారు చూడలేదు, అప్పటికే వెళ్ళిపోయారు.

ఇది డెల్ఫ్ట్ కాదు. ఇటుకలూ లేవు, నీలం బోర్డూ లేదు. ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు దిమ్మెల మీదుగా కారు ఎగరేసుకుంటూ పోతారు. కాని సాయంత్రాలు ఎదురింటి పెద్దావిడ డ్రైవ్‌వేలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పిల్లలు కొందరు సైకిళ్ళు బయటికి తీస్తున్నారు. ఐదు తెలుగిళ్ళలో మూడింటి ముందు గత సంక్రాంతికి సుద్దముక్కలతో ముగ్గులు పడ్డాయి. ఒకటి కాలిబాట దాటి, గట్టు దిగి, రోడ్డు మీదికి ఓ గజం వచ్చింది. ఆ పక్కనే ఆగిన కొరియర్ బండి కుర్రాడు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

ఆ సంగతి ఫోన్లో చెబితే నాన్నగారు అడిగిందొక్కటే.

“ఆ రాత్రి డ్యూటీ ఆయనకి ఇప్పుడు నిద్ర పడుతోందా?”

నాకు తెలియదు. ఈ ఆదివారం వెళ్ళి అడగాలి.